సదర్‌ను ఎంచే మష్వరాలో మనమెక్కడ?

మస్జిద్ కమిటీకి సదర్‌ను ఎన్నుకోవాలంటే జుమా నమాజ్ అయ్యాక జమాత్‌ను కూర్చోబెట్టి మష్వరా చేస్తాం. ఖుర్ఆన్‌లో 42వ సూరా పేరే అష్-షూరా, అంటే మష్వరా. మరి ముల్క్‌కి సదర్‌గా ఎవరిని నిలబెట్టాలో పార్టీలు ఎవరిని అడుగుతున్నాయి?

అమెరికాలో అయోవా కాకస్‌లో మామూలు కార్యకర్తలే ఒకచోట కూడి ఉమ్మీద్వార్ గురించి వాదించుకుంటారు. మన దగ్గర ఫైసలా పైనుంచి దిగుతుంది. 1969లో బెంగళూరులో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు మన సీమ బిడ్డ నీలం సంజీవరెడ్డి పేరు ఖాయం చేసింది. ఇందిరాగాంధీ జమీర్ చెప్పినట్టు ఓటేయమన్నారు. వి.వి. గిరి గెలిచారు, పార్టీ చీలింది. కార్యకర్తను బోర్డూ అడగలేదు, ఆమే అడగలేదు.

2022లో వైసీపీ, తెలుగుదేశం రెండూ ద్రౌపది ముర్ముకే మద్దతన్నాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 14 మంది ఎమ్మెల్యేలు. ఒక్కొక్కరి ఓటు విలువ 159, మొత్తం 2,226. ఆ విలువ 1971 జనాభా లెక్కలది. అందులో మన దాదాలు, నానాలు కూడా ఉన్నారు. తిరుపతిలోనో మదనపల్లెలోనో మన గల్లీకొచ్చి రాయ్ అడిగిందెవరు?

ఆదివాసీ బిడ్డ సదర్ కావడం ఖుషీయే. 2002లో కలామ్ సాబ్ పేరొచ్చినప్పుడూ ఖుష్ అయ్యాం. పేరు చూసి ఖుష్ అవడం వేరు, మష్వరాలో హక్ ఉండడం వేరు.

ఈ ఎన్నికలో విప్ చెల్లదు, ఓటు రహస్యం. కాబట్టి "పార్టీ హుకుం" అనే బహానా కుదరదు. 2027లో మళ్లీ ఎన్నిక. ఎమ్మెల్యే సాబ్ ఇఫ్తార్‌కి వస్తే ఖజూర్‌తో పాటు ఈ సవాల్ కూడా ఇవ్వండి: మీ 159లో మా మాట ఎంత?