ఫైలు నడిచిన దారి

వైద్య ఖర్చుల బిల్లు సమర్పించిన ఉద్యోగిని ఫైలు ఎంతవరకు వచ్చిందని అడిగితే, "కదులుతోందట!" అంటారు. ఎటు కదులుతున్నదో ఎవరూ చెప్పలేరు. నియమావళి చూపే దారి ఒకటి, ఫైలు నడిచే దారి మరొకటి. ఆ రెండవ దారిని వెలికితీసే శాస్త్రాన్ని ఈ మాసం పరిచయం చేయదలచాము.

బిల్లులు కంప్యూటరులో నడిచే చోట ప్రతి అడుగూ నమోదవుతుంది: ఏ బిల్లు, ఏ పని, ఏ వేళ. ఈ మూడింటితో పనుల క్రమాన్ని చిత్రంగా గీయవచ్చునని నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయంలో విల్ వాన్ డెర్ ఆల్స్ట్ బృందం చూపింది. వారు 2004లో ప్రకటించిన 'ఆల్ఫా' పద్ధతి సూత్రం సులభమే. పరిశీలన వెంటనే మంజూరు కనిపించి, మంజూరు వెంటనే పరిశీలన ఎన్నడూ కనిపించకపోతే, మొదటిది ముందు జరగవలసిన పని. రెండు విధాలా కనిపిస్తే ఆ పనులు దేనికది స్వతంత్రంగా జరిగేవి. చిక్కంతా ఇక్కడే. పరిశీలన, కొర్రీ, మళ్లీ పరిశీలన అంటూ తిరిగే బిల్లును చూసి, ఆ రెండూ పక్కపక్కనే సాగే పనులని ఈ పద్ధతి పొరబడుతుంది. కొర్రీలకు అలవాటుపడిన మనం అలా పొరబడము! తరువాతి పద్ధతులు ఈ లోపాన్ని సవరించాయి.

అసలు నమోదులలోని దారులన్నీ గీస్తే చిత్రం చిక్కుపడుతుంది. పరిశోధకులు దానిని 'స్పగెటీ' అన్నారు. మనమైతే సేమ్యా అందుము. 2007లో క్రిస్టియన్ గుంథర్, వాన్ డెర్ ఆల్స్ట్ రోడ్ల పటాన్ని ఆదర్శంగా తీసుకున్నారు: రహదారులు ప్రస్ఫుటంగా, దగ్గర సంబంధమున్న చిన్న పనులు ఒకే గుంపుగా, మిగిలిన సందులు అసలే లేకుండా. పటం చదవడానికి హాయిగా ఉంటుంది.

మా సందేహం ఆ సందుల గురించే. భర్త మరణానంతరం ఒక ఇల్లాలు బిల్లు పెట్టుకున్నారనుకుందాము. ఆసుపత్రి రశీదులోని పేరుకు, సర్వీసు రిజిస్టరులోని పేరుకు ఒక అక్షరం తేడా. ఆ బిల్లు విభాగాల మధ్య తిరుగుతూనే ఉంటుంది. అటువంటివి అరుదు గనుక పటంలో వాటికి చోటు దక్కదు. అధికారి పటం చూసి అంతా సవ్యమే అనుకుంటారు. అందువల్ల అందరికంటె ఆలస్యమైన బిల్లులను వేరుచేసి, వాటికి ప్రత్యేకంగా మరో పటం గీయించడం అవసరమని మా అభిప్రాయం.

ఆ రెండవ పటమైనా బిల్లు ఏ బల్ల మీద ఎన్ని రోజులున్నదో చెబుతుందే తప్ప, ఆ గుమాస్తా సెలవులో ఉన్నారో, రశీదులోని అక్షరాలు ఆయనకు అర్థం కాలేదో చెప్పదు. అది తెలియాలంటే ఆయన బల్ల దగ్గరకు వెళ్లి అడగవలసిందే.