వంతులవారీగా వేసిన గట్లు



కందిపప్పు వండని ఇల్లు మనలో అరుదు. ఆ కందినే నమ్ముకొన్న పల్లెలు తూర్పు ఆఫ్రికాలోను ఉన్నాయి. కెన్యా దేశములో నైరోబీ నగరానికి ఆగ్నేయముగా ఉన్న మచాకోస్ కొండ ప్రాంతమును గూర్చి ఈ నెల మీతో చెప్పాలని ఆశిస్తున్నాము.

అక్కడి కాంబా ప్రజలు చిన్న కమతాలలో మొక్కజొన్న, బీన్సు, కంది కలిపి వేస్తారు. మార్చి నుండి మే వరకు ఒక వానకాలము, అక్టోబరు నుండి డిసెంబరు వరకు మరొకటి. రెండింటినీ పూర్తిగా నమ్మలేము. మొక్కజొన్న ఎండిపోయినా, లోతుకు వేరు దిగిన కంది నిలిచి ఇంటికి ఇంత గింజ పెడుతుంది.

1930లలో ఈ కొండలు బీడువారాయి. వాన కురిస్తే పైమట్టి ఏటిపాలయ్యేది. తప్పు పశువులదని ఎంచి, నాటి బ్రిటిషు ప్రభుత్వము 1938లో వాటిని బలవంతముగా పట్టి వేలము వేసింది. ప్రజలు గుంపుగా నైరోబీకి వెళ్లి మొరపెట్టుకోగా వెనుకకు తగ్గింది. ఆ తరువాత నిర్బంధముగా గట్లు వేయించింది. జనము ఆ పనిని అసహ్యించుకొన్నారు. చూసేవారు లేక చాలా గట్లు తెగిపోయాయి.

అదే పనిని తమ చేను కొరకు తామే తలపెట్టినప్పుడు సంగతి మారింది. వాలుకు అడ్డముగా సుమారు 2 అడుగుల లోతు కాలువ త్రవ్వి, మట్టిని ఎగువ వైపుకు వేస్తారు. స్వాహిలీలో దీనిని ‘ఫన్యా జూ’ అంటారు. ‘పైకి వేయడము’ అని భావము. గట్టు మీద గడ్డి పెంచుతారు. అది మట్టిని పట్టి ఉంచుతుంది, పశువుకు మేత అవుతుంది. ఏటేటా మట్టి చేరి వాలు నేల మెట్లు మెట్లుగా చదునవుతుంది.

ఇంత చాకిరీ ఒక్క ఇంటివల్ల కాదు. మగవారు అనేకులు జీతము కొరకు నైరోబీ, మొంబాసా వెళ్లారు. ఇంటి దగ్గర ఎక్కువగా స్త్రీలే ‘మ్వెత్యా’ అనే గుంపులుగా కూడి, నేడు ఒకరి చేను, రేపు మరొకరి చేను అని వంతులవారీగా త్రవ్వారు. పట్టణము నుండి వచ్చిన జీతపు డబ్బు కూడ సాయపడింది. 1930 నుండి 1990 నాటికి జిల్లా జనాభా 5 రెట్లకు మించి పెరిగినా, నేల కోత తగ్గింది, పంట పెరిగింది. మేరీ టిఫెన్, మైకేల్ మోర్టిమోర్, ఫ్రాన్సిస్ గిచుకి ఈ మార్పును పరిశీలించి 1994లో గ్రంథము ప్రకటించారు.

కరువు తొలగిపోలేదు. 2020 చివరి నుండి 2022 వరకు వానలు వరుసగా తప్పినప్పుడు తూర్పు కెన్యా పల్లెలు ఎంతో బాధపడ్డాయి. గట్టు వానను తేలేదు. కురిసిన వానను మాత్రము పోనివ్వదు.

మన మెట్ట పల్లెలలోను ఒకరి చేనికి ఒకరు బదులు పనికి వెళ్లే అలవాటు ఉండేది. వేసవిలో పని లేని రోజులలో నాలుగు ఇళ్లవారు కూడి, తొలకరికి ముందే గట్లు వేసుకొనలేమా? మొదట ఎవరి చేను అని తప్పక అడుగుతారు. మగదిక్కు లేని ఇంటి చేనుతో మొదలుపెడదాము.