అడగడం అవిశ్వాసమా?



ఈ శీర్షికకు ఒక సహోదరి వ్రాసిన ఉత్తరం నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. ఆమె తల్లి గర్భసంచి ముఖద్వారానికి వచ్చిన క్యాన్సరుతో ప్రభువునందు నిద్రించింది. పట్నం ఆసుపత్రికి తీసుకొని వెళ్లేసరికే వ్యాధి ముదిరిపోయింది. భూస్థాపన అయిన తరువాత ఆ సహోదరి ఒక తీర్మానం చేసుకున్నది. తమ ఊరిలో ముప్పై యేండ్లు దాటిన స్త్రీలందరికీ ఒక్కసారైనా పరీక్ష చేయించాలి. డాక్టర్లను రప్పించడానికి, అవసరమైనవారిని వ్యానులో పట్నం తీసుకొని వెళ్లడానికి డబ్బు కావాలి. ఎమ్మెల్యే గారికి, రైసుమిల్లు యజమానికి, ప్రభుత్వ వైద్యాధికారికి అర్జీలు పెడదామని స్త్రీల సమాజంలో చెప్పింది. "మనం దేవుణ్ణి అడగాలి గాని లోకస్థులను అడగడమేమిటి? అది అవిశ్వాసం" అని సంఘపెద్ద ఒకరు మందలించారట. "అయ్యగారూ, నేను చేస్తున్నది తప్పా?" అని ఆమె ప్రశ్న.

ఆ పెద్దగారి మాటను తేలికగా తీసివేయకూడదు. గత శతాబ్దానికి ముందటి శతాబ్దంలో ఇంగ్లండు దేశపు బ్రిస్టల్ పట్టణంలో జార్జి ముల్లర్ గారు వేలాదిమంది అనాథ పిల్లలను పోషించారు. ఏ మనుష్యుని వద్దనూ చెయ్యి చాపకుండా ప్రార్థనలో మాత్రమే అడిగారు. లేఖనములలో ఎజ్రా కూడా అటువంటివాడే. యెరూషలేముకు ప్రయాణమైనప్పుడు దారిలో శత్రుభయమున్నా రాజును సైన్యం అడగడానికి సిగ్గుపడ్డాడు. తన దేవుడు కాపాడతాడని అంతకుముందే రాజుతో చెప్పియున్నాడు గనుక ఉపవాసముండి దేవుణ్ణే వేడుకున్నాడు (ఎజ్రా 8:21-23).

అయితే కొన్ని పుటలు తిప్పి నెహెమ్యా గ్రంథం తెరవండి. అదే యెరూషలేము, అదే దేవుడు. నెహెమ్యా మాత్రం రాజు ఎదుట నిలిచి అడిగాడు. కిస్లేవు మాసంలో పట్టణపు దుస్థితి విని, ఏడ్చి, ఉపవాసముండి ప్రార్థించాడు. నాలుగు నెలల తరువాత నీసాను మాసంలో రాజు, నీ కోరిక ఏమిటని అడిగినప్పుడు, లోలోపల దేవునికి ప్రార్థన చేసి నోరు తెరిచాడు. ఎంతకాలం పడుతుందో చెప్పాడు. నది అవతలి అధికారులకు ఉత్తరాలు కావాలన్నాడు. గుమ్మాలకు, ప్రాకారానికి, తానుండబోయే ఇంటికి మ్రానులు కావాలని, వాటిని ఇవ్వవలసిన అడవి అధికారి ఆసాపు పేరుతో సహా చెప్పాడు. ఎజ్రా అడగడానికి సిగ్గుపడిన గుఱ్ఱపు రౌతులు నెహెమ్యాతో కూడ వచ్చారు. లేఖనము వీరిద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేదు. నాలుగు నెలల ప్రార్థన తరువాతనే నెహెమ్యా అర్జీ పుట్టిందని మనం గమనించాలి.

ఇక క్యాన్సరు విషయానికే వస్తాను. మన నెల్లూరు, చిత్తూరు ప్రాంతాల నుండి ఎందరో రోగులు మద్రాసు అడయారులోని క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్తుంటారు. ఆ సంస్థ ఎలా పుట్టిందో మనలో చాలామందికి తెలియదు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు 1912లో మద్రాసు మెడికల్ కాలేజీలో పట్టా పొందారు. 1927లో మద్రాసు శాసనమండలిలో ప్రవేశించి, బ్రిటిష్ ఇండియాలో మొదటి మహిళా శాసనసభ్యురాలయ్యారు. 1923లో ఆమె తోబుట్టువు క్యాన్సరుతో మరణించింది. డాక్టరై యుండి కూడా ఆమె తన చెల్లెలిని దక్కించుకోలేకపోయారు. ఆ దుఃఖం ఆమెను వదలలేదు.

1935లో ఆ మెడికల్ కాలేజీ శతవార్షికోత్సవంలో క్యాన్సరు రోగులకు ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి కావాలన్న తన కోరికను బయటపెట్టారు. పని సాగలేదు. అయినా మానలేదు. 1949లో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ ద్వారా క్యాన్సరు సహాయ నిధి ఏర్పాటు చేశారు. విదేశాలలో క్యాన్సరు వైద్యం నేర్చుకొని వచ్చిన ఆమె కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి గారు ఆమెకు తోడుగా నిలిచారు. ప్రభుత్వాన్ని అడిగితే, క్యాన్సరు వచ్చినవారు ఎలాగూ చనిపోతారు కదా, దానికి ఆసుపత్రి ఎందుకన్న జవాబు వచ్చిందని తరువాతి కాలంలో డాక్టర్ శాంత గారు చెప్పేవారు. ఒక తలుపు మూయబడితే వారు మరొక తలుపు తట్టారు. 1952 అక్టోబరులో ప్రధానమంత్రి నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. 1954 జూన్ 18న పన్నెండు పడకలతో ఆసుపత్రి మొదలైంది. చెల్లెలి మరణానికీ ఆ పన్నెండు పడకలకూ మధ్య ముప్పై ఒక్క సంవత్సరాలు గడిచాయి. అన్యాయస్థుడైన న్యాయాధిపతి వద్దకు మాటిమాటికీ వెళ్లిన విధవరాలు (లూకా 18) జ్ఞాపకం వస్తుంది కదా!

ముత్తులక్ష్మి గారు క్రైస్తవురాలు కారు. అయినా మన ప్రభువు సమరయుని చూపించి, నీవును ఆలాగు చేయుమన్నాడు. ఆమె వద్ద మనం నేర్చుకోవడానికి సిగ్గుపడనవసరం లేదు. 1955లో ఆ చిన్న ఆసుపత్రిలో చేరిన డాక్టర్ శాంత గారు 2021లో కన్నుమూసేవరకు, అరవై యేండ్లకు పైగా, అక్కడే సేవ చేశారు. 1975లో కేంద్ర ప్రభుత్వం ఆ సంస్థను ప్రాంతీయ క్యాన్సరు కేంద్రంగా గుర్తించింది.

"రోగికి మందు కొంటే సరే గాని, పరిశోధనకు అంత డబ్బెందుకు?" అని మీరు అడగవచ్చు. మన ఉత్తర కోస్తా గ్రామాలనే చూడండి. అక్కడ ఎందరో స్త్రీలు చుట్టను అడ్డపొగ త్రాగేవారు, అంటే నిప్పు కొనను నోటిలో పెట్టుకొని పీల్చేవారు. 1960లలో బొంబాయి పరిశోధకులు శ్రీకాకుళంతో సహా దేశంలోని 5 జిల్లాలలో 50 వేలకు పైగా గ్రామస్థుల నోళ్లు పరీక్షించారు. అడ్డపొగ త్రాగేవారికి అంగిలిలో క్యాన్సరు వస్తున్నదని ఇటువంటి పరిశీలనలే రుజువు చేశాయి. పొగాకు మానమని ఇంటింటికీ వెళ్లి ఓపికగా బోధించిన చోట నోటిలోని తెల్ల మచ్చలు తగ్గాయని తరువాత తేలింది. ఎవరో ఒకరు అర్జీ వ్రాసి, ఎవరో ఒకరు ధనమిచ్చినందువలననే మన అవ్వల జబ్బుకు కారణం తెలిసింది.

కాబట్టి సహోదరీ, నీవు చేస్తున్నది తప్పు కాదు. అయితే నెహెమ్యా వలె చెయ్యి. ముందు ప్రార్థించు. తరువాత అతడు రాత్రివేళ ప్రాకారం చుట్టూ తిరిగి పడిపోయిన చోట్లు చూచినట్లు, ఇంటింటికీ తిరిగి ఎంతమంది స్త్రీలున్నారో లెక్క వ్రాయి. ముప్పై యేండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నాయి. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆశా కార్యకర్తను, నర్సమ్మను ముందుగా అడుగు. అక్కడ ఉచితంగా దొరికేదానికి చందా ఎత్తవద్దు. దొరకనిదానికి మాత్రమే, ఎంత కావాలో, ఎందుకు కావాలో, ఎప్పటికి ముగుస్తుందో అర్జీలో స్పష్టంగా వ్రాయి. స్త్రీల సమాజం పిడికెడు బియ్యం సొమ్ములో కొంత మొదట వెయ్యండి. మీరు వేసిన తరువాత ఇతరులను అడగడానికి నోరు వస్తుంది.

వచ్చిన ప్రతి రూపాయికీ ఇద్దరు ముగ్గురు కలిసి లెక్క చూడండి. ఎజ్రా తెచ్చిన వెండి బంగారములు మందిరంలో తూచబడి, వాటి బరువు వ్రాయబడింది (ఎజ్రా 8:33-34). కానుకల విషయంలో మనుష్యుల ఎదుట కూడా యోగ్యంగా ఉండాలని పౌలు జాగ్రత్తపడ్డాడు (2 కొరింథీ 8:20-21). ఇచ్చిన మిల్లు యజమానికి ఆ లెక్క చూపించు. లేదన్నవారిపై కోపపడక వచ్చే నెల మరల వెళ్లు.

ఆ పెద్దగారికి కూడా నా మనవి ఒకటి. అయ్యా, ఆమె తన కోసం అడగడం లేదు. షల్లూము కుమార్తెలు తండ్రితో కలిసి ప్రాకారం కట్టారు (నెహెమ్యా 3:12). మీరు ఆమె అర్జీ క్రింద మొదటి సంతకం చేయండి.

ఇది చదువుతున్న తల్లులారా! రెండు మూడు వారాలైనా మానని నోటిపుండు, నోటిలో తెల్ల మచ్చ, రొమ్ములో గడ్డ, ముట్టు ఆగిపోయిన తరువాత రక్తం కనబడడం, వీటిలో ఏది ఉన్నా సిగ్గుపడి దాచవద్దు. ఈ వారమే డాక్టరుకు చూపించండి. ఆ సహోదరి తల్లి సిగ్గుపడి దాచిందని ఉత్తరం చివర వ్రాసియున్నది.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, ఇతరుల ప్రాణము కొరకు అడుగుటకు మాకు ధైర్యమిమ్ము. మమ్మును అడుగువారికి ఇచ్చే మనస్సునిమ్ము. ఆమేన్.