దాత యెవరు?

హైదరాబాదు చివరి నిజామగు మీర్ ఉస్మాన్ అలీఖానును గూర్చి వ్యాసము వ్రాసి తెండని యిటీవల మా విద్యార్థులకు చెప్పితిమి. తెచ్చిన వ్యాసములు దాదాపు అన్నియు ఒకే వాక్యముతో మొదలయ్యెను: ఆ ప్రభువు ప్రజలకు చెఱువులను, విశ్వవిద్యాలయమును దయతో నొసంగెను. పిల్లలను తప్పుపట్టము, ఇంట విన్న మాటనే వ్రాసినారు. మేము ఎఱ్ఱసిరాతో గీత గీసినది 'ఒసంగెను' అను పదము క్రిందనే. ఆ గీత చూచి బోధను తాలూకాకు చెందిన యొక తండ్రి మా యింటికే వచ్చి, "ఏం సారూ, మరి ఆయన కట్టియ్యలేదంటరా?" అని యడిగెను. ఆయనకు చెప్పినదానినే యిచట కొంత విస్తరించుచున్నాము.

కట్టించెను, కాదనము. 1908లో మూసీ పొంగి నగరమును ముంచివేసిన పిమ్మట, విశ్వేశ్వరయ్యగారి సలహాపై గండిపేటవద్ద ఉస్మాన్ సాగరము 1920లోను, హిమాయత్ సాగరము 1927లోను పూర్తియయ్యెను. 1931లో మంజీరపై నిజాంసాగరము వెలసెను. దానిని నిర్మించిన యింజనీరు నవాబు అలీ నవాజ్ జంగు. ఆ నీటితో పంట పండించుకొన్నవారు ఆ పాలనను నిందించుట కృతఘ్నత యని కొందఱందురు. కృతజ్ఞత యెవరికి చెల్లవలెనో ముందు తేల్చుకొనవలదా? రాళ్లు మోసిన కూలికా, శిస్తు కట్టిన రైతుకా, కొలతలు వేసిన యింజనీరుకా, ఫర్మానాపై చేవ్రాలు చేసిన ప్రభువునకా? పేరు పెట్టునాటికి మొదటి మువ్వురును ఎవరికిని జ్ఞప్తికి రారైరి.

కాళిదాసు రఘువంశమున పన్ను గొను రాజును సూర్యునితో పోల్చెను. ఈ యుపమానమును మేమే యేండ్లతరబడి తరగతిలో మెచ్చుకొనుచు చెప్పితిమి. కాని సూర్యునకు 'సర్ఫెఖాస్' లేదు. నిజాము రాజ్యములో దివానీ భూములు ప్రభుత్వమునకును, జాగీరులు జాగీర్దారులకును చెల్లగా, రాజ్యములో సుమారు పదవవంతు సర్ఫెఖాసను పేర నేరుగా ప్రభువుయొక్క సొంత వ్యయమునకే పోయెడిది. 1937లో అమెరికా పత్రిక 'టైమ్' ఆయన చిత్రమును ముఖపత్రముపై ముద్రించి ప్రపంచమున కెల్ల ధనికుడని చాటెను. ఆ కాలముననే తెలంగాణపు పల్లెలలో వెట్టివారు కూలి లేక దొరల గడీలలో చాకిరి చేయుచుండిరి. 1919లో కార్యనిర్వాహక మండలి యేర్పడినను తుదిమాట ఫర్మానాదే.

విశ్వవిద్యాలయమును గూర్చి మేము తేలికగా మాటాడజాలము. తక్కినచోట్ల ఉన్నతవిద్య యింగ్లీషులోనే సాగుచుండగా, 1918లో దేశభాషయగు ఉర్దూలో శాస్త్రములు బోధింప సాహసించిన సంస్థ యది. ఉపాధ్యాయులమగుట ఆ సాహసమునకు మనసార నమస్కరింతుము. అయినను ఆ రాజ్యమున దాదాపు సగము జనుల భాష తెలుగు. మహారాష్ట్రులు, కన్నడిగులు వేఱుగ నుండిరి. 1921లో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున ప్రసంగింప మొదలిడగానే సభికులు గేలిచేసి కూర్చుండబెట్టిరి. గేలిచేసినది నిజాము కాదు, నిజమే. ఏలిక యాదరింపని భాషను ఎగతాళి చేయుటకు జనులకు వేఱే యాజ్ఞ యక్కఱలేదు. ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన ఆంధ్ర మహాసభ మొదటిసారి కూడెను. సభ జరుపుకొనుటకును గస్తీ నిషాన్ 53 ప్రకారము సర్కారు అనుమతి కావలెను. మాకు తెలుగు బడి కావలెనని నలుగురు కూడి యడుగుటకే సెలవు వేడవలసిన చోట, దొరకిన బడిని హక్కని యెట్లందుము?

మఱియొక వర్గమువారు ఆయన మతమును పట్టుకొని దూషింతురు. వారితో మేము చేరము. వెట్టి చేయించుకొన్న దేశముఖులలో హిందువులెందఱో యుండిరి. భారతదేశమున చేరవలెనని 'ఇమ్రోజ్' పత్రికలో వ్రాసినందుకు 1948 ఆగష్టులో హత్యకు గుఱియైన షోయబుల్లాఖాను ముసల్మాను. దోషము నమాజులో లేదు, అడుగువాడు లేని యధికారములో నున్నది.

ఆ యధికారమున ఖజానాకును జేబునకును నడుమ గోడ యుండదు. 1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిపోయెను. మూడునాళ్లకే, లండను బ్యాంకులో నిజాము ప్రభుత్వపు పేరనున్న సుమారు పది లక్షల పౌనులు పాకిస్తాను హైకమిషనరు పేరికి మాఱెను. వ్యాజ్యము దశాబ్దములు నడచి, 2019లో తీర్పు వచ్చునప్పటికి ఆ సొమ్ము సుమారు మూడున్నర కోట్ల పౌనులైనది. అది నిజాముదేయని తేల్చిరి. ఆయన మనుమలకును భారత ప్రభుత్వమునకును దక్కినది. అంతకుముందు 1995లో భారత ప్రభుత్వము నిజాముల నగలను 218 కోట్ల రూపాయలిచ్చి కొన్నది. తాతల శిస్తుతో గూడిన భాండాగారమును మనుమలు తమ పన్నుతో మరల కొనుక్కొనిరి! లండను న్యాయస్థానమున వాదులలో రైతు పేరు మాత్రము లేదు.

ఆ తండ్రి చాలసేపు మాటాడక కూర్చుండెను. లేచి వెళ్లుచు, నిజాంసాగరపు కాలువకు తన తాత నీటితీరువ కట్టిన రసీదు ఇంట పాతపెట్టెలో నున్నదనియు, తెచ్చి చూపెదననియు చెప్పెను. ఇంకను తేలేదు. ఎదురుచూచుచున్నాము.