పాఠాంతరమా, ప్రక్షిప్తమా? జన్యు సవరణ వరిపై ఒక అభిప్రాయం

తెలుగు బోధించేవారికి వరి విత్తనాలతో ఏమి ప్రసక్తి అని మా సహాధ్యాపకులు కొందరు నవ్వవచ్చును. కాని 2025 మే 4వ తేదీన కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించిన రెండు జన్యు సవరణ వరి వంగడాలలో ఒకటి హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థలో రూపొందినదే. దాని పేరు డి.ఆర్.ఆర్. ధాన్ 100, మారుపేరు కమల. దానికి తల్లి బి.పి.టి. 5204, అనగా 1986లో బాపట్ల నుండి వెలువడి మన కంచాలకెక్కిన సాంబ మసూరి. రెండవదైన పూసా డి.ఎస్.టి. రైస్ 1కు మూలం మారుటేరు వంగడం ఎం.టి.యు. 1010. ఇంటి అన్నం ముచ్చట మనము గాక ఎవరు మాట్లాడవలె?

ప్రాచీన తాళపత్ర ప్రతులను పరిశీలించినవారికి ఈ విషయం సులభంగా బోధపడునని మేము తలచుచున్నాము. వరి కణంలోని జన్యుగ్రంథం సుమారు 39 కోట్ల అక్షరాలది; లిపి మాత్రం నాలుగే అక్షరాలు. తరతరానికి ఈ గ్రంథం నకలగునప్పుడు ఎక్కడో ఒకటి రెండు అక్షరాలు తమంత తామే మారును. 2018లో 3,010 వరి రకాలను సరిపోల్చిన శాస్త్రజ్ఞులకు దాదాపు 2 కోట్ల 90 లక్షల చోట్ల అక్షరభేదాలు కనిపించినవి. ఇందులో ఏది శుద్ధప్రతి? అట్టిది లేనే లేదు. అన్నీ పాఠాంతరాలే.

ఈ పాఠాంతరాలే మనకు అన్నం పెట్టినవి. 1966లో వచ్చిన ఐ.ఆర్. 8 వరి పొట్టిగా, పడిపోకుండ నిలిచినదన్నచో, తైవాన్‌కు చెందిన ఒక పాత రకంలో ఒక జన్యువు నుండి 383 అక్షరాలు సహజంగా ఊడిపోవుటయే కారణం. ప్రకృతి ఎవరి అనుమతి అడిగినది? ఆ మరుసటి ఏట, 1967లో, మన దేశంలోనే గోధుమకు గామా కిరణాలు తగిలించి శర్బతీ సోనోరాను తీసినారు. కిరణం ఏ పుటలో ఏ అక్షరాన్ని చెరిపినదో ఎవరికి తెలుసు? ఆ రొట్టెలు దేశమంతా తిన్నది.

కమలలో జరిగిన మార్పు మరింత నిదానమైనది. వరికంకిలో గింజల సంఖ్యను పెంచు సైటోకైనిన్ అను పదార్థాన్ని విరుగగొట్టే ఒక జన్యువును క్రిస్పర్ పరికరంతో నిలిపివేసినారు. ఇదే జన్యువు హబటాకి అను వరి రకంలో సహజంగానే మందగించి, కంకికి గింజలు పెరిగినవని 2005లోనే జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. కనుక ఇది వరి ఎరుగని పాఠం కాదు. 2002లో అనుమతి పొందిన బి.టి. పత్తి సంగతి వేరు. అందులో మట్టిలోని బాక్టీరియా జన్యువు వచ్చి చేరినది, అది ప్రక్షిప్తం. రెండింటిని ఒకే త్రాసులో తూచుట న్యాయం కాదని మా అభిప్రాయం.

2018 జూలైలో ఐరోపా న్యాయస్థానం అట్లే తూచినది. కిరణాలతో పుట్టిన వంగడాలకు పాత మినహాయింపు ఉండనిచ్చి, ఒక్క అక్షరం సవరించిన మొక్కకు మాత్రం కఠిన నిబంధనలు వర్తించునన్నది. వ్రాతను వదిలి కలాన్ని విచారించినట్లున్నది. (ఉర్దూలో కలం అన్న మాటకు వ్రాసే కలమని, మొక్కకు కట్టే అంటు అని రెండర్థాలు కలవు. ఆ భాషవారికి ఇది ముందే తెలిసినట్లున్నది!) మన పర్యావరణ మంత్రిత్వ శాఖ 2022 మార్చి 30న పరజన్యువు మిగలని సవరణ మొక్కలను 1989 నాటి నియమాలలో కొన్నింటి నుండి మినహాయించినది. ఆ మేరకు మేము సమ్మతించుచున్నాము.

కాని ఆ మినహాయింపు అమలగు తీరు మాకు తృప్తి కలిగించుట లేదు. పరజన్యువు మిగలలేదని ధ్రువీకరించు పని ప్రధానంగా వంగడం తయారుచేసిన సంస్థలోని జీవభద్రతా సంఘానిదే. పరిష్కర్తయే తన ప్రతికి యోగ్యతాపత్రం వ్రాసికొన్నట్లు! సవరించదలచిన చోటును పోలిన మరియొక చోట కూడ కత్తెర పడవచ్చును. అది జరిగినదో లేదో జన్యుగ్రంథమంతా చదివి చూడవచ్చును. చూచిన దానిని అచ్చు వేయవచ్చును. కమల సుమారు 20 రోజులు ముందుగా కోతకు వచ్చునని, దిగుబడి 19 శాతం పెరుగునని అధికార ప్రకటన. 2025లోనే కొన్ని సంఘాలు ఆ క్షేత్రప్రయోగాల లెక్కలను ప్రశ్నించినవి. వారి వాదమంతా మాకు అంగీకారం కాదు. అయినను ఏ ఊరి మడిలో ఎంత పండినదో సంవత్సరం వారీగా బయట పెట్టినచో వివాదమునకు చోటెక్కడ?

పేటెంట్ల సంగతి అంతకన్న బరువైనది. క్రిస్పర్ పరికరంపై ముఖ్యమైన హక్కులు విదేశీ విశ్వవిద్యాలయాల, సంస్థల పేర ఉన్నవి. మన 2001 నాటి చట్టమా, పండిన పంట నుండి విత్తనం దాచుకొనుటకు, ఇచ్చి పుచ్చుకొనుటకు రైతుకు హక్కునిచ్చినది. సాంబ మసూరి గింజను మరుసటి ఏటికి గాదెలో దాచుకొన్న రైతు కమలను కూడ అట్లే నిశ్చింతగా దాచుకొనవచ్చునా? పరికరం వాడుకొనుటకు కుదిరిన, కుదరబోవు ఒప్పందాలలో దీనిని గూర్చి ఏమి వ్రాసినారు? ఆ షరతులు తెలుగులో, ఉర్దూలో అచ్చయి విత్తన సంచితోపాటే రైతు చేతికి అందవలెను.