హాల్లో పరుగు.. పడగ్గదిలో నత్తనడక!

హాల్లో కూర్చుంటే సినిమా ఎక్కడా ఆగదు. అదే ఫోను పట్టుకుని వెనకగదిలోకి వెళ్తే తెరమీద చక్రం గిర్రున తిరుగుతూనే ఉంటుంది. అమెరికా నుంచి మనవడు వీడియోకాల్ చేస్తే తాతయ్య మంచం దిగి హాల్లోకి రావాల్సిందే. మోకాలి ఆపరేషనై మంచం దిగలేని తాతయ్య ఏం చేయాలి? 2020లో బడులు మూతపడి పాఠాలన్నీ ఫోన్లలోకి వచ్చినప్పుడు ఈ అవస్థ ఇంటింటికీ తెలిసొచ్చింది.

ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని... ఎక్కువ స్పీడున్న ప్లానుకి మారడం. నెలనెలా బిల్లు పెరుగుతుంది, వెనకగది మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే లోపం వీధిలోంచి వచ్చే తీగలో లేదు, ఇంట్లో గోడల్లో ఉంది!

మన ఉక్కే మనకు అడ్డం

వై-ఫై అంటే రేడియో తరంగాలే. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను లైసెన్సు లేకుండా వాడుకోవడానికి కేంద్రం 2005 జనవరిలో అనుమతించింది. 5 గిగాహెర్ట్జ్‌లో 2018 అక్టోబరులో మరింత చోటిచ్చింది. ఈ రెండింటి స్వభావాలూ వేరు. 2.4 నిదానం, కానీ గోడల్ని కాస్త బాగా దాటుతుంది. 5 వేగం, కానీ ఒకట్రెండు గోడలకే నీరసపడుతుంది. అందుకే హాల్లో 5 పేరుతో, వెనకగదిలో 2.4 పేరుతో కలిపి చూడండి. ఒక్కోసారి ఇంతటితోనే పని అయిపోతుంది.

ఆరుబయట కూడా దూరం రెట్టింపైతే సిగ్నల్ నాలుగోవంతుకి పడిపోతుంది. ఇక మధ్యలో గోడలుంటే చెప్పేదేముంది? విశాఖ పాతనగరంలోని పాత ఇళ్ల మందపాటి గోడలైనా, ఎంవీపీ కాలనీ అపార్టుమెంట్ల కాంక్రీటు స్తంభాలైనా చేసే పని ఒకటే. కాంక్రీటు తరంగాల్లో చాలాభాగాన్ని మింగేస్తుంది. లోపలి ఉక్కు కడ్డీలు కొంత వెనక్కి కొడతాయి. ఊరికి పేరు తెచ్చిన ఉక్కే వై-ఫైకి అడ్డుగోడ అన్నమాట! ఇనుప బీరువా, నిలువుటద్దం, ఫ్రిజ్, చేపలతొట్టి కూడా ఈ జాబితాలోవే. మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేది సరిగ్గా 2.4 దగ్గరే కాబట్టి అది తిరుగుతున్నంతసేపూ నెట్ తడబడుతుంది.

పైసా ఖర్చు లేకుండా...

కేబుల్ కుర్రాడు కిటికీలోంచి తీగ లాగి, దగ్గర్లో ఏ ప్లగ్గుంటే అక్కడ రూటరు పెట్టి వెళ్లిపోతాడు. దాంతో సగం సిగ్నల్ వీధి పాలవుతుంది. రూటరు ఇంటి మధ్యలో, మనిషి ఎత్తుకి కాస్త పైన ఉండాలి. టీవీ వెనకా, చెక్క అల్మరా లోపలా దాచకండి. ఫైబర్ తీగలో ఉండేది వెంట్రుకంత గాజుపోగు. దాన్ని మలుపు దగ్గర మడిచేస్తే విరుగుతుంది కాబట్టి చోటు మార్చే పని కేబుల్ కుర్రాడికే వదిలేయండి.

యాంటెన్నా చివర్లోంచి సిగ్నల్ బాణంలా దూసుకొస్తుందనుకోవడం పొరపాటు. అది పుల్ల చుట్టూ గారె ఆకారంలో పరుచుకుంటుంది. పుల్ల ఉన్నచోట గారెకి చిల్లు! కాబట్టి ఒకే అంతస్తు ఇల్లయితే యాంటెన్నాలు నిలువుగా పెట్టాలి. మేడ మీదికీ అందాలంటే ఒకదాన్ని పక్కకి పడుకోబెట్టాలి.

తర్వాత ఫోన్లో సిగ్నల్ కొలిచే ఉచిత యాప్ వేసుకుని గదిగదికీ తిరగండి. అంకెలు మైనస్‌లో కనిపిస్తాయి. మైనస్ 67 కంటే మెరుగ్గా, అంటే 60, 50 అని ఉంటే వీడియోకాల్‌కి ఢోకాలేదు. మైనస్ 80కి చేరితే కష్టమే. అపార్టుమెంట్లో పక్కవాళ్ల రూటర్లన్నీ ఒకే చానల్లో అరుస్తుంటే మీది 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదానికి మార్చండి. 2.4లో ఒకదానికొకటి అడ్డురాని చానళ్లు ఈ మూడే.

జేబులో చెయ్యి పెట్టాల్సొస్తే...

ఎక్స్‌టెండర్: చవకైనది, ప్లగ్గులో గుచ్చితే చాలు. దీన్ని సిగ్నల్ అందని గదిలోనే పెట్టడం అందరూ చేసే తప్పు. కుండలో నీళ్లుంటేనే కదా చెంబులోకి వచ్చేది! రూటరుకీ ఆ గదికీ నడిమధ్యలో, సిగ్నల్ ఇంకా బాగున్నచోట పెట్టాలి. ఒకే బ్యాండ్‌ది కొంటే అదే నోటితో వినాలి, అదే నోటితో చెప్పాలి కాబట్టి వేగం సుమారు సగమవుతుంది. రెండు బ్యాండ్లది మేలు.

మెష్: రెండుమూడు పెట్టెలు ఒకే పేరుతో, ఒకే జట్టుగా పనిచేస్తాయి. గదులు మారినా కాల్ తెగడం తక్కువ. పెద్ద ఇళ్లకి బాగుంటుంది, ధర కూడా పెద్దదే.

తీగ: అన్నిటికంటే నమ్మకమైనది. క్యాట్-6 తీగ 100 మీటర్ల వరకూ వేగం తగ్గకుండా తీసుకెళ్తుంది. అల్యూమినియం మీద రాగిపూత పూసినవి చవగ్గా అమ్ముతారు, అసలు రాగిదే అడిగి తీసుకోండి. తీగ చివర అటకమీది పాత రూటరుని తగిలించవచ్చు. తీగని ఇంటర్నెట్ అని రాసున్న రంధ్రంలో కాకుండా ల్యాన్ రంధ్రంలో పెట్టాలి. పాతదాని చిరునామా మార్చి, అందులో డీహెచ్‌సీపీని ఆపేయాలి. ఇంట్లో పరికరాలకి నంబర్లు పంచే పెద్ద ఒకరే ఉండాలి. ఇద్దరైతే గొడవే!

పవర్‌లైన్: కరెంటు తీగలమీదే నెట్ పంపే పరికరం. త్రీఫేజ్ ఇళ్లలో రెండు గదులూ వేరువేరు ఫేజ్‌ల మీదుంటే మొరాయించవచ్చు. తిరిగి ఇస్తే తీసుకుంటారో లేదో ముందే అడగండి.

సముద్రం పక్కన ఇంకొన్ని జాగ్రత్తలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు కరెంటు పోతే ఫోన్లూ, కబుర్లూ ఎలా ఆగిపోతాయో నగరమంతా చూసింది. గాజుపోగులో కరెంటు రాదు కాబట్టి ఇంట్లో విద్యుత్తు పోయిన మరుక్షణం ఫైబర్ పెట్టె, రూటరు, ఎక్స్‌టెండర్ మూడూ ఆరిపోతాయి. ఫైబర్ పెట్టెకీ రూటరుకీ చిన్న యూపీఎస్ పెడితే బయట తీగ బాగున్నంతవరకూ కొన్ని గంటలు గడుస్తుంది. డాబామీద యాంటెన్నా పెడితే ఉప్పుగాలికి బిగింపులు తుప్పుపడతాయి. ఏడాదికోసారైనా చూసుకోవాలి. పెరట్లోని వేరే కట్టడానికి రాగితీగ లాగితే పిడుగుపాటు రెండువైపులా పరికరాల్ని కాల్చేయవచ్చు. అలాంటిచోట గాజుతీగే క్షేమం.

మీ నెట్.. వీధికీ అందుతోందా?

సిగ్నల్ పెంచితే అది ప్రహరీ దగ్గర ఆగదు. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో పేలుళ్లకు ముందు వచ్చిన బెదిరింపు ఈమెయిల్ నవీ ముంబయిలోని ఒక ఇంటి వై-ఫై నుంచి వెళ్లిందని తేలింది. తాళం లేని నెట్ ఆ ఇంట్లో ఉంటున్న వ్యక్తిని విచారణదాకా లాగింది. కాబట్టి భద్రత దగ్గర డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకుని పొడవైన పాస్‌వర్డ్ పెట్టండి. ఎక్స్‌టెండర్‌కీ అదే వర్తిస్తుంది. రూటరు సెట్టింగుల్లోకి వెళ్లే కంపెనీ పాస్‌వర్డ్‌నీ మార్చేయండి. చుట్టాలకోసం గెస్ట్ పేరుతో వేరే నెట్ తెరవండి. ఇంటి పాస్‌వర్డ్ ఊరంతా తిరగదు.

ఈ ఆదివారం ఓ అరగంట కేటాయించండి. ముందు రూటరు చోటు మార్చండి, ఆపైన కొలవండి, అప్పటికీ అందకపోతేనే దుకాణానికి వెళ్లండి. మంచం దగ్గరికే మనవడి ముఖం వస్తే తాతయ్యకి అంతకంటే కావాల్సిందేముంది!