కిరాయి బండికీ పిట్టగోడ కావాలి



హైదరాబాదు నుంచి నర్సాపూర్ మీదుగా మెదక్ వెళ్లే రోడ్డు మన గుమ్మడిదల గుండా పోతుంది. క్రిస్మసు దినాల్లో ఈ రోడ్డు మీద మెదక్ చర్చికి వెళ్లే విశ్వాసుల బండ్లు బారులు తీరుతాయి. కరువు కాలంలో బీదలకు పని చూపించి, అన్నం పెట్టి కట్టించిన ఆ దేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకొంది. నూరేళ్లు దాటినా అక్కడికి వెళ్లాలన్న ఆశ మన కుటుంబాల్లో తగ్గలేదు. అందుకు దేవునికి స్తోత్రము. కాని ఆ బండ్లను చూసినప్పుడు మాత్రం మాకు దిగులు కలుగుతుంది. సరుకులు మోసే డీసీఎం వ్యానులో స్త్రీలు, పిల్లలు నిలబడి వెళ్తుంటారు. టాటా ఏస్ వెనుక యౌవనస్థులు కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటారు. పాటలు పాడుకుంటూ సంతోషంగానే వెళ్తారు. మలుపులో బండి ఒరిగితే పట్టుకునేందుకు అక్కడ ఏమీ ఉండదు.

ఇది పండుగనాటి సంగతి మాత్రమే కాదు. బొంతపల్లి, గడ్డపోతారం, కాజిపల్లి, బొల్లారం ఫ్యాక్టరీల షిఫ్టులకు మన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు రోజూ ఆటోల్లో వెళ్తున్నారు. ముగ్గురు ఎక్కవలసిన ఆటోలో ఏడుగురు, ఎనిమిదిమంది ఎక్కుతారు. డ్రైవరుకు ఇరుపక్కలా ఇద్దరు కూర్చుంటే అతడు హ్యాండిలు ఎలా తిప్పాలి?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనములో దేవుడు ఇశ్రాయేలీయులకు ఒక ఆజ్ఞ ఇచ్చాడు. కొత్త ఇల్లు కట్టుకునేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. కట్టనందువల్ల ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తాపరాధము ఇంటి యజమాని మీదికి వస్తుంది. ఆ కాలంలో మిద్దె మీద పడుకునేవారు, కూర్చుని మాట్లాడుకునేవారు. అక్కడికి వచ్చిన అతిథి ప్రాణానికి ఇంటివాడు బాధ్యుడు. పడినవాడు జాగ్రత్తగా ఉండవలసింది అని అతడు తప్పించుకోవడానికి వీలు లేదు. కిరాయి బండికి ప్రభుత్వం పెట్టిన నియమాలు కూడా అటువంటి పిట్టగోడే అని మా నమ్మకం.

ఇంగ్లండులో లండను వెలుపల టాక్సీలకు లైసెన్సు ఇచ్చేది స్థానిక కౌన్సిలు. మన దేశంలో పంచాయతీకి గాని మునిసిపాలిటీకి గాని ఆ పని లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం కింద రాష్ట్ర రవాణా శాఖవారు ఆ పని చూస్తారు. కిరాయికి తిరిగే బండికి పర్మిట్ ఉండాలి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి, ఇన్సూరెన్స్ ఉండాలి, నడిపేవానికి ఆ తరగతి బండికి తగిన లైసెన్సు ఉండాలి. కొత్త బండికి ఇచ్చిన ఫిట్‌నెస్ రెండేళ్లు చెల్లుతుంది. తర్వాత ఎనిమిదేళ్ల వయసు వచ్చేవరకు రెండేళ్లకొకసారి, ఆపైన ఏటా బ్రేకులు, స్టీరింగు, లైట్లు చూపించి మళ్లీ తీసుకోవాలి. అది లేని కిరాయి బండి చట్టం దృష్టిలో రిజిస్ట్రేషన్ చెల్లని బండితో సమానం.

ఈ కాగితాలు పోలీసులు ఆపినప్పుడు చూపించడానికే అని చాలామంది అనుకుంటారు. వాటి అవసరం ప్రమాదం జరిగాక ఇంటివారికి తెలుస్తుంది. సరుకుల బండిలో ప్రయాణికులుగా ఎక్కినవారి విషయం చూడండి. 1994లో చట్టాన్ని సవరించినప్పుడు ఆ సరుకుల యజమానికి, లేదా అతని తరఫున వచ్చిన ప్రతినిధికి మాత్రమే ఇన్సూరెన్స్ రక్షణ కల్పించారు. మిగతావారి విషయంలో నష్టపరిహారపు భారం బండి యజమానిదే అని 2004లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ యజమానికి అప్పు మీద కొన్న ఆ ఒక్క బండి తప్ప ఆస్తి లేకపోతే విధవరాలు ఎవరిని అడగాలి?

ప్రయాణికుల బండి అయినా లెక్క దాటితే చిక్కే. 42 మందికి పర్మిట్ ఉన్న బస్సులో అంతకు రెట్టింపు మంది ఎక్కగా జరిగిన ప్రమాదంలో 2007లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. పర్మిట్‌లో ఉన్న సంఖ్యవరకే ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత అనీ, వచ్చిన ఆ సొమ్మునే బాధితులందరికీ పంచాలనీ దాని సారాంశం. అంటే అదనంగా ఎక్కించుకున్న ప్రతివాడూ పక్కవాని బిడ్డల వాటాలో నుంచి కొంత తీసుకున్నట్టే. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అది ప్రభుత్వ బస్సే. బరువుకు ప్రభుత్వమని, ప్రైవేటు అని తేడా తెలియదు.

మన పక్కనే తూప్రాన్ దగ్గర మాసాయిపేటలో 2014 జూలై 24న కాపలా లేని రైలు గేటు వద్ద స్కూలు బస్సును రైలు ఢీకొని చిన్నపిల్లలు చనిపోయారు. ఆ తర్వాత 2019 జనవరి నాటికి దేశంలోని బ్రాడ్‌గేజ్ మార్గాలన్నిటిలో కాపలా లేని గేట్లను రైల్వేవారు తీసివేశారు. మంచిదే. కాని ఆ పిట్టగోడ అనేకులు పడిపోయిన తర్వాత కట్టింది. దేవుని ఆజ్ఞ ఇల్లు కట్టేటప్పుడే కట్టమంటుంది.

ఇక్కడ కొందరు విశ్వాసులు ఒక మాట అంటారు: "దేవుని పని మీద వెళ్తున్నాము, ఆయనే కాపాడతాడు." నిజమే, ఆయన కాపాడతాడు. అయితే దేవాలయ శిఖరము మీద నుంచి దూకమని శోధకుడు ప్రభువుతో అన్నప్పుడు దూతలు పట్టుకుంటారని వాక్యము చూపించే అన్నాడు. ప్రభువు దూకలేదు. దానిని దేవుని శోధించడం అన్నాడు. బ్రేకులు చూడకుండా, లెక్క దాటి ఎక్కించి, ప్రార్థన చేసి బయలుదేరడం విశ్వాసమనిపించుకోదు.

డ్రైవరు సహోదరుల కష్టము మేము ఎరుగుదుము. మన సంఘాల్లోనే ఆటో నడిపి పిల్లలను చదివించుకునేవారు ఉన్నారు. ఫైనాన్సు కిస్తీ నెల తప్పకుండా కట్టాలి. 2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక గిరాకీ తగ్గిందని వారు మొరపెట్టుకున్నారు. నలుగురిని ఎక్కువ ఎక్కిస్తే తప్ప డీజిలు డబ్బులు రావడం లేదంటారు. అందుకే తప్పంతా వారి మీద వేయడం న్యాయం కాదు. తక్కువ కిరాయికి బేరమాడి, అదే బండిలో పదిమందిమి ఎక్కుతామని పట్టుబట్టేది మనమే కదా!

కాబట్టి సంఘ పెద్దలకు మా మనవి ఇది. కన్వెన్షనుకైనా, పెండ్లికైనా, సండే స్కూలు పిల్లల విహారయాత్రకైనా బండి మాట్లాడేటప్పుడు మొదట నంబరు ప్లేటు చూడండి. డీజిలు, పెట్రోలు బండ్లలో కిరాయికి తిరిగేదానికి పసుపుపచ్చ ప్లేటు ఉంటుంది. తెల్ల ప్లేటు ఉన్నది సొంత వాడకపు బండి. దానిని డబ్బిచ్చి తీసుకువెళ్తే పరిహారం దగ్గర పేచీ వస్తుంది. పర్మిట్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, డ్రైవరు లైసెన్సు నకళ్లు అడిగి, గడువు తేదీలు చూసి, మినిట్స్ పుస్తకంలో రాసుకోండి. సీట్లు ఎన్నో అంతమంది పేర్లే రాయండి. రాత్రంతా వేరే కిరాయి తిప్పి వచ్చిన డ్రైవరును తెల్లవారి ప్రయాణానికి పెట్టవద్దు. ఆర్టీసీ డిపోల్లో కూడా కిరాయికి బస్సులు ఇస్తారు. ఖర్చు ఎక్కువైతే చందా ఇంకొంచెం వేసుకుందాం, లేదా ఈ ఏడు సగంమంది, వచ్చే ఏడు సగంమంది వెళ్దాం. షిఫ్టులకు వెళ్లే బిడ్డలున్న తల్లిదండ్రులు వారు ఏ బండిలో వెళ్తున్నారో, ఎంతమంది ఎక్కుతున్నారో ఈ రాత్రే అడిగి తెలుసుకోండి.

మన మాట మీద బండెక్కిన ప్రతివాడు మన మిద్దె మీదికి వచ్చిన అతిథి. వారిని తిరిగి వారి గుమ్మంలో క్షేమంగా దింపే జ్ఞానమును ప్రభువు మనందరికీ దయచేయును గాక. ఆమేన్.